భట్టిప్రోలు ధాతువులు: ఎముక చెప్పేదేమిటి, రాత చెప్పేదేమిటి?

బుద్ధుడి ధాతువులంటే నిజంగా బుద్ధుడి ఎముకలేనా? బౌద్ధం గురించి ఎక్కడ మాట్లాడినా మాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. భక్తులు అవునంటారు. హేతువాద మిత్రులు కొందరు మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. రెండు జవాబుల్లోనూ తొందరపాటు ఉందని మేమనుకుంటున్నాం. మన నేల మీద దొరికిన భట్టిప్రోలు ధాతువుల్నే తీసుకొని చూద్దాం.

ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న భట్టిప్రోలు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి అక్కడి స్తూపాన్ని తవ్వించాడు. రాత ఉన్న మూడు రాతి మంజూషలు బయటపడ్డాయి. వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు, ఎముక ముక్కలు ఉన్నాయి. అప్పటికే స్తూపం పాలరాళ్ళను కాలువ పనులకు ఎత్తుకుపోయారు.

ముందు సైన్సును అడుగుదాం. బుద్ధుడి దేహాన్ని దహనం చేసి, అస్థికలను ఎనిమిది భాగాలుగా పంచారని మహాపరినిబ్బాన సుత్తం చెప్తుంది. చితిమంటలో ఎముకలోని మాంసకృత్తులు కాలిపోతాయి. వాటితోపాటు డిఎన్ఎ కూడా చాలావరకు పోతుంది. ఏ కాస్తో మిగిలిందనుకుందాం, దేనితో పోల్చాలి? ఇది బుద్ధుడిదేనని తిరుగులేకుండా తేలిన మరో నమూనా ఎక్కడా లేదు. బాగా కాలి తెల్లబడ్డ ఎముకకు కార్బన్ పద్ధతిలో కాలం కట్టడం 1990ల చివరినుంచి సాధ్యమైంది. అయితే కాలేటప్పుడు కట్టెల్లోని కార్బన్ కూడా ఎముకలో చేరుతుంది. ముసలి చెట్టు కట్టెలైతే లెక్క వెనక్కి జరగవచ్చు.

కాబట్టి ఇలాంటి ఎముక మనిషిదా జంతువుదా, కాలిందా లేదా, దాదాపు ఏ కాలంది అనే ప్రశ్నలకు సైన్సు జవాబు వెతకగలదు. మనిషి పేరు మాత్రం చెప్పలేదు. బుద్ధుడిదని రుజువు కాలేదంటే కాదని రుజువైనట్టు కాదు. ఈ తేడా భక్తులూ మరిచిపోతున్నారు, హేతువాదులూ మరిచిపోతున్నారు.

మరి పేరు చెప్పేదెవరు? మంజూష మీది రాత. బ్రాహ్మీ లిపిలోనే కొన్ని అక్షరాలు వేరుగా ఉన్న ఆ ప్రాకృత శాసనాలను బ్యూలర్ చదివాడు. కుర అనే అతని తండ్రి, తల్లి, కుర, శివ అనే మరొకరు కలిసి, బుద్ధుడి శరీర ధాతువులను ఉంచడానికి మంజూషనూ స్ఫటికపు భరిణెనూ చేయించారట. వేరే చోట గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. కుబిరకుడనే రాజు కూడా ఒక గోష్ఠికి పెద్దగానే కనిపిస్తాడు.

ఈ రాత కూడా ఎముక బుద్ధుడిదని నిరూపించదు. కానీ రెండువేల ఏళ్ళ కిందటే ఇక్కడి జనం అలా నమ్మారనీ, ఆ నమ్మకంతో ఒకచోట కూడి ఖర్చు పెట్టుకున్నారనీ నిరూపిస్తుంది. మన చరిత్రకు కావలసిన రుజువు ఇది. ఎముక మహిమ మీద ఆధారపడనక్కర్లేదు.

ఆ తర్వాత ప్రభుత్వం ఈ ధాతువును మహాబోధి సొసైటీకిచ్చింది. 1920లో దాన్ని కలకత్తా ధర్మరాజిక విహారంలో ప్రతిష్ఠించారు. ధాతువు పూజామందిరానికి పోయింది. ఇక్కడ దిబ్బ మిగిలింది. కోస్తాలో ఇలాంటి కొన్ని స్తూపాలను జనం నోట ‘లంజదిబ్బ’ అనడం ఉంది. కూడి కట్టుకున్న చైత్యానికి తిట్టు పేరెలా అంటుకుందో అడగాల్సింది మనమే.

అంబేద్కర్ బుద్ధవచనాన్ని గుర్తించడానికి హేతువును గీటురాయిగా పెట్టారు. అదే గీటురాయి ధాతువులకూ పనికొస్తుంది. దండం పెట్టేవాళ్ళను ఎగతాళి చెయ్యొద్దు. అలాగని రుజువు లేనిదాన్ని రుజువైందని పిల్లలకు చెప్పొద్దు. ఉపాధ్యాయ మిత్రులు విద్యార్థుల్ని భట్టిప్రోలు తీసుకెళితే, ముందు కుర వాళ్ళ అమ్మా నాన్నల గురించి చెప్పండి. ఎముక ఎవరిదన్న చర్చ ఆ తర్వాత చేసుకోవచ్చు.