ఎవరి పేరును ఎవరు నిర్ణయించాలి?

తెలుగులో తయారవుతున్న ఒక విజ్ఞాన సర్వస్వంలో రాజకీయ నాయకులపై రాసిన వ్యాసాల శీర్షికలను సరిచూసే బాధ్యత కొంతకాలం నా మీద పడింది. పుట్టిన తేదీలు, పదవీకాలాలు సరిచూడటానికి పట్టిన సమయం కంటే, పేరు ఎలా ఉండాలన్న చర్చకే ఎక్కువ సమయం పట్టింది. ఆ చర్చ పుచ్చలపల్లి సుందరయ్య దగ్గర మొదలైంది.

1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టినప్పుడు ఆయన సుందరరామిరెడ్డి. పేరు చివరి కులపదాన్ని ఆయనే వదులుకున్నారు. సుందరయ్యగానే వ్యవసాయ కూలీలను సంఘటితం చేశారు, శాసనసభలో ప్రతిపక్ష నాయకుడయ్యారు, మార్క్సిస్టు పార్టీకి తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. అయినా, పుట్టినప్పటి పూర్తి పేరే ప్రామాణికమనీ, శీర్షికలో అదే ఉండాలనీ ఒక సహ సంపాదకులు వాదించారు. ఆయనకు దురుద్దేశమేమీ లేదు. విజ్ఞాన సర్వస్వమంటే సమగ్రత అని ఆయన నమ్మకం. కానీ ఒక మనిషి తెలిసి తెలిసి విడిచిపెట్టిన గుర్తును, ఆయన చనిపోయాక మళ్లీ తెచ్చి పేరుకు తగిలిస్తే, ఆయన తన జీవితంలో తీసుకున్న ఒక నిర్ణయాన్ని మనం రద్దు చేసినట్టే. పుట్టినప్పటి పేరు వ్యాసం మొదటి వాక్యంలో ఉంటే చాలునని నేను అన్నాను.

అప్పుడు మరో మిత్రుడు ఇంకో మార్గం చూపారు. అందరి పేర్ల చివరా ఉన్న కులపదాలను ఒకేసారి తీసేద్దామన్నారు. విన్న వెంటనే నాకూ నచ్చింది. దానికి ఘనమైన వారసత్వమే ఉంది. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ పేర్లలో కులపదాలను వదిలేయాలని పిలుపునిచ్చింది. 2021లో తమిళనాడు పాఠ్యపుస్తకాల్లో రచయితల పేర్ల నుంచి కులపదాలను తొలగించారు. దాంతో యు.వి. స్వామినాథ అయ్యర్ స్వామినాథర్ అయ్యారు.

మన ముఖ్యమంత్రుల జాబితాను ముందు పెట్టుకున్నప్పుడు నాకు సందేహం మొదలైంది. 1956 నుంచి 2014 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను పాలించినవారు 16 మంది. వారిలో 8 మంది పేర్ల చివర ‘రెడ్డి’ ఉంది. దళిత ముఖ్యమంత్రి ఒక్కరే. 1960 నుంచి 1962 వరకు పదవిలో ఉన్న దామోదరం సంజీవయ్య ఆయన. ఆయనకు ముందూ, తరువాతా ఆ కుర్చీలో ఉన్నది నీలం సంజీవరెడ్డి. ఇప్పుడు మన కత్తెర ఆడిస్తే ‘నీలం సంజీవ’, ‘దామోదరం సంజీవయ్య’ మిగులుతారు. రేపు ఆ పుట చదివే విద్యార్థికి ఇద్దరూ ఒకే గడప నుంచి వచ్చినట్టు కనిపిస్తారు. అధికారం ఎవరి ఇళ్లలో తిరిగిందో చెప్పే సాక్ష్యం శీర్షికల నుంచి మాయమవుతుంది. కులాన్ని వదులుకోవడం వేరు, కులం చేసిన పనిని దాచిపెట్టడం వేరు. మొదటిది ఆ నాయకులు చేయవలసింది. వారు చేయని త్యాగాన్ని వారి ఖాతాలో రాసే హక్కు సంపాదకుడికి లేదు.

కత్తెర మరోచోట ఇంకా పెద్ద తప్పు చేస్తుంది. 1888లో హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టిన మాదరి భాగయ్య చరిత్రలో భాగ్యరెడ్డివర్మగా నిలిచారు. ఈ నేలకు తొలి ఏలికలు మీరేనన్న భావంతో కుటుంబ గురువు ‘రెడ్డి’ చేర్చారని చెబుతారు. ‘వర్మ’ ఆర్యసమాజం వైపు నుంచి వచ్చింది. 1917లో బెజవాడలో పంచముల పేరిట ఏర్పాటైన మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. ఆ సభ ‘పంచమ’ అన్న పిలుపును తిరస్కరించి ‘ఆది ఆంధ్ర’ అన్న పేరును స్వీకరించింది. అలాంటి మనిషి పేరులోని ‘రెడ్డి’ని కులచిహ్నమని కొట్టేస్తే, ఆ పేరులో ఉన్న ధిక్కారాన్నే కొట్టేసినట్టవుతుంది. సుందరయ్య వదిలేసిన పదం, భాగ్యరెడ్డివర్మ ధరించిన పదం అక్షరాల్లో ఒకటే. అర్థంలో మాత్రం ఎదురెదురు దిక్కులు.

జనవ్యవహారమే కొలమానమనే వాదన కూడా వచ్చింది. నాయకుణ్ని జనం ఎలా పిలిస్తే అలాగే రాయాలట. చాలా సందర్భాల్లో అది సబబే. టంగుటూరి ప్రకాశాన్ని ‘పంతులు’ లేకపోయినా అందరూ గుర్తుపడతారు. కానీ ఇ.వి. రామస్వామి ‘నాయకర్’ను తానే వదిలేసినా, తెలుగు రచనల్లో ‘రామస్వామి నాయకర్’ దశాబ్దాల పాటు అలాగే కొనసాగింది. వాడుక పేరుతో మన అలవాటును ఆయన మీద రుద్దకూడదు. శీర్షికలో ‘పెరియార్’ ఉండాలి. పాత పేరుతో వెతికేవారికి ‘చూడు’ అన్న సూచన చాలు.

ఇంత పట్టుదల ఎందుకని అడిగినవారికి మా తాత పేరు చెప్పాను. ఆయన పోలయ్య. ఊరి భూమి లెక్కల్లో మాత్రం ‘పోలిగాడు’. అదే పుటలో పక్క పొలం రైతు పేరు కులపదంతో సహా నిండుగా ఉంది. మా నాన్న ఆ కాగితం నాకు చూపించి, ఏమీ అనకుండా మడిచి పెట్టెలో పెట్టేశారు. పేరు రాసే కలం ఎవరి చేతిలో ఉందన్నది మా ఇంట్లో ఎప్పుడూ చిన్న విషయం కాదు. మా ముసాయిదాల్లోనూ కొందరు నాయకులు ‘జన్మించారు’, మరికొందరు ‘పుట్టాడు’. అవన్నీ వెతికి ఒకే మర్యాదలోకి తెచ్చాం.

చివరికి మేం ఒప్పుకున్నది ఇది. వ్యక్తి ప్రజాజీవితంలో తన ఇష్టంతో ధరించిన పేరే శీర్షిక. వదిలేసిన పేరు, ఎందుకు వదిలేశారన్న వివరం వ్యాసంలో ఉంటాయి. కులపదాన్ని ఉంచుకున్నవారికి అది అలాగే ఉంటుంది, వారి సామాజిక నేపథ్యం దాపరికం లేకుండా వ్యాసంలో నమోదవుతుంది. గౌరవవాచకాలు ఎవరికీ ఉండవు.

ఈ నియమంతో కులం పోదు. కానీ తన పేరును తానే మార్చుకున్న మనిషి మాట నెగ్గుతుంది. పోలయ్యకు దక్కని ఆ మాత్రం న్యాయమైనా ఇకపై రాసే పుటల్లో ఉండాలని నా కోరిక.