నదిలో తోడు

జాన్ బన్యన్ 1678లో ప్రచురించిన ‘యాత్రికుని ప్రయాణం’ కథలో, చివరి నదిలో దిగిన క్రైస్తవుడు భయంతో మునిగిపోసాగాడు. అంతదూరం వచ్చినవాడే! తన కాళ్లకు నేల తగులుతోందని ధైర్యం చెబుతూ, ‘నిరీక్షణ’ అనే తోటి యాత్రికుడు అతని తలను నీళ్లపైకి ఎత్తిపట్టాడు. సువార్త ప్రకటించినందుకు 12 ఏళ్లు చెరసాలలో ఉన్న బన్యన్, తన యాత్రికుణ్ణి ఆ నది ఒంటరిగా దాటించలేదు.

పౌలు కూడా చెరలోనుండి తిమోతికి రాస్తూ, లూకా మాత్రమే తనతో ఉన్నాడని, చలికాలం రాకముందే రమ్మని, త్రోయలో ఉంచిన అంగీ తెమ్మని అడిగాడు. అడగడానికి సిగ్గుపడలేదు.

మన సంఘాల్లో అలా అడగలేనివారున్నారు. భర్తను పోగొట్టుకున్న సహోదరి ఇంటికి ఆదరణ కూడిక వరకు అందరం వెళ్తాం. తర్వాత కాపరులమైన మేము కూడా ఆ వీధి మరచిపోతాం. ఈ వారం ప్రసంగమేమీ లేకుండా వెళ్లి, ఆమె ఇచ్చిన టీ తాగి, ఆయన గురించి ఆమెనే చెప్పనిద్దాం.