గాలి తోసుకొచ్చే మంచు

మెరైన్ ఇంజనీరుగా రిటైరై పటమటలో ఇల్లు కట్టుకున్నాక నన్ను అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. సముద్రపు దొంగల్ని ఎప్పుడైనా చూశారా అన్నది ఒకటి, టైటానిక్ సినిమాలో చూపించింది నిజమేనా అన్నది రెండోది. మొన్న అవనిగడ్డ పక్కన మా పల్లెకు వెళ్తే మా అన్నయ్య కొడుకు మూడోది అడిగాడు. వాడికి రొయ్యల చెరువులున్నాయి. ఆ రోజు పట్టుబడి. గట్టు మీద పెట్టెల్లో రొయ్య పోసి, ఐసు నలగ్గొట్టి చల్లుతున్నారు. వాడు చేతులు దులుపుకుంటూ "బాబాయ్, అంటార్కిటికాలో ఓడలు ఐసులో ఇరుక్కుపోతాయంట కదా! అంత ఇనప ఓడ, ఏనుగంత ఇంజను. గుద్దుకుంటూ పోవచ్చుగా?" అన్నాడు.

పోవచ్చు. గాలి ఊరుకుంటే.

వాడికి చెప్పినట్టే మీకూ చెబుతాను. మన కాలవల్లో గుర్రపుడెక్క చూశారుగా. ఒక్క మొక్కని చిన్న పిల్లాడు కూడా ఎత్తి గట్టున పడేస్తాడు. నా చిన్నతనంలో బందరు కాలవ మీద ఇంకా సరుకు పడవలు నడిచేవి. గాలి లేని రోజున సరంగు గెడ వేసుకుంటూ ఆ డెక్కలోంచే దారి చేసుకుపోయేవాడు. గాలి తిరిగి ఆ డెక్కనంతా లాకు తలుపుల మీదకి తోసిందంటే మాత్రం పడవ కదిలేది కాదు. మొక్క గట్టిపడి కాదు, దానికి పక్కకి జరిగే చోటు లేక. సరంగు గెడ పక్కన పెట్టి చుట్ట వెలిగించేవాడు. గాలి తిరిగేదాకా అతనికి వేరే పని లేదు.

సముద్రపు మంచు తీరూ ఇంతే. ఉప్పునీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఒక్క చలికాలంలో కట్టే మంచు మందం మీటరో, కాస్త ఎక్కువో ఉంటుంది. దానిమీదకి ఐస్‌బ్రేకర్ ముక్కు ఎక్కించి, తన బరువుతో విరగ్గొట్టుకుంటూ పోతుంది. విరిగిన ముక్కలు పక్కకి జరగాలి, లేదా ఓడ కిందకి పోవాలి. గాలి ఆ మంచునంతా ఒడ్డు మీదకో, కదలకుండా కట్టుకున్న పాత మంచు మీదకో అదిమిందంటే ముక్కలకు చోటుండదు. ఓడ వెనక తెరిచిన దారి అప్పటికప్పుడే మూసుకుపోతుంది. ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కి, మీటరు మందం ఉన్నది అయిదారు మీటర్ల గుట్టవుతుంది. రెండు పక్కలా మంచు ఓడ ఒంటికి ఒరుసుకుంటుంది. ఇంజను పూర్తి జోరులో తిరుగుతున్నా ఓడ ఉన్నచోటే ఉంటుంది.

దీర్ఘకాలపు సగటు లెక్కన అంటార్కిటికా చుట్టూ ఈ మంచు ఫిబ్రవరిలో సుమారు 30 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశమంత. సెప్టెంబరుకల్లా 180 లక్షలు దాటుతుంది, అంటే అయిదు భారతదేశాల పైమాటే. అందుకే చాలా పరిశోధక ఓడలు డిసెంబరు నుంచి మార్చి లోపలే పని ముగించుకుని బయటపడాలని చూస్తాయి.

అలా నడివేసవిలో వెళ్లి కూడా ఇరుక్కున్నది అకడమిక్ షొకాల్‌స్కీ. రష్యా ఓడ. ఐసుని తట్టుకునేలా ఒళ్లు గట్టిచేసిందే గాని, ఐసుని పగలగొట్టే ఓడ కాదు. శాస్త్రవేత్తలు, యాత్రికులు, విలేకరులు 52 మంది, సిబ్బంది 22 మంది. 2013 డిసెంబరు 24న, తూర్పు అంటార్కిటికా కామన్వెల్త్ బే దగ్గర, గాలి తోసుకొచ్చిన మంచు వాళ్ల ముందున్న నీటినంతా మూసేసింది. సాయానికి చైనా ఐస్‌బ్రేకర్ షుయేలాంగ్ వచ్చింది. కొద్ది మైళ్ల దూరంలోనే ఆగిపోయింది. ఫ్రాన్స్ ఓడ లాస్ట్రోలాబ్ వెనుదిరిగింది. ఆస్ట్రేలియా ఓడ అరోరా ఆస్ట్రేలిస్ కొంత దూరం తొలుచుకొచ్చి, ఇక లాభం లేదని వెనక్కి తగ్గింది. చివరికి 2014 జనవరి 2న షుయేలాంగ్ హెలికాప్టరే 52 మందినీ దఫదఫాలుగా ఎత్తి, అరోరా పక్కనున్న మంచుపలక మీద దింపింది. ఈలోగా షుయేలాంగ్ కూడా చిక్కుకుంది! రెండు ఓడలనీ విడిపించడానికి అమెరికా తన పెద్ద ఐస్‌బ్రేకర్ పోలార్ స్టార్‌ను పంపింది. అది ఇంకా దారిలో ఉండగానే, జనవరి 7న గాలి దిశ మారింది. మంచు విడిపోయింది. రెండు ఓడలూ తమంతట తామే బయటికొచ్చేశాయి. పోలార్ స్టార్ తన దారిన తాను వెళ్లిపోయింది.

నాలుగు దేశాల ఓడల వల్ల కానిది గాలి తిరగడంతో అయిపోయింది. అప్పట్లో పత్రికలు ఎవరి తప్పు, ఎంత ఖర్చు అని నెలరోజులు రాశాయి. ఖర్చు సంగతి నిజమే. కానీ సాయానికి వచ్చిన ఓడలను తక్కువ చేసి మాట్లాడినవాళ్లు ఎప్పుడూ ఇంజను రూములో నిలబడి ఉండరని నా నమ్మకం.

ఇంజను రూము గురించి రెండు మాటలు ఎక్కువ చెప్పనివ్వండి, అది నా ఇలాకా. నేను దక్షిణ ధ్రువం చూడలేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు సరుకు పట్టుకెళ్లే బల్క్ క్యారియర్ మీద, ఫిన్లాండ్ సింధుశాఖలో, చలికాలపు మంచులో ఐస్‌బ్రేకర్ కోసం వరసలో నిలబడ్డాను. అక్కడ మొదట భయపెట్టింది చలి కాదు, వేడి. చుట్టూ సముద్రం గడ్డకట్టి ఉంటే నా ఇంజను కాగిపోతోందని అలారం మోగింది. కారణం చిన్నదే. ఓడ ఇంజను చల్లబడడానికి సముద్రపు నీరు కావాలి. ఓడ అడుగున సీ చెస్ట్ అని గూడులాంటి అర ఉంటుంది, నీరు జల్లెడలాంటి పలకలోంచి దాన్లోకి వస్తుంది. నలిగిన మంచు గుజ్జు ఆ జల్లెడకి అంటుకుందంటే నీరు రాదు, పంపు గాలి పీలుస్తుంది. మంచు సముద్రాలకు కట్టిన ఓడల్లో ఇంజను నుంచి బయటికిపోయే వేడినీటిలో కొంత మళ్లీ సీ చెస్ట్‌లోకే తిప్పి ఆ గుజ్జుని కరిగించే ఏర్పాటు ఉంటుంది. లేనివాళ్లం బల్లాస్ట్ ట్యాంకులో నీటినే చుట్టూ తిప్పుకుంటూ రోజు గడిపాం.

వెనక్కి నడపడం ఇంకో గండం. ముందుకి పోలేనప్పుడు కాస్త వెనక్కొచ్చి మళ్లీ గుద్దుతారు. వెనక్కి వస్తున్నప్పుడు చుక్కాని నిటారుగా మధ్యలో ఉండాలి. పక్కకి తిరిగి ఉంటే వెనకనున్న మంచు దాన్ని మెలిపెట్టి విరిచేస్తుంది. ప్రొపెల్లర్ రెక్కకి మంచు బండ తగిలితే ఆ దెబ్బ ఓడంతా కొట్టుకుంటుంది, మంచం మీదున్న మనిషి పళ్లు టకటకలాడతాయి. కొన్ని ఐస్‌బ్రేకర్లలో కుడి ట్యాంకు నుంచి ఎడమ ట్యాంకుకి వందల టన్నుల నీటిని పంపు చేసి ఓడని అటూ ఇటూ ఊపుతారు, ఒంటికి పట్టిన మంచు పట్టు వదలడానికి. ఇవన్నీ చేసీ గాలి వ్యతిరేకంగా ఉంటే సరంగు చేసినట్టే చేయాలి. ఇంజను తగ్గించి, వెలుతురుకీ వెచ్చదనానికీ సరిపడా జనరేటర్లు మాత్రం నడుపుకుంటూ, ఇంధనం లెక్క చూసుకుంటూ కూర్చోవాలి.

పాతకాలంలో అలా కూర్చోవడం అంటే నెలలు. అంటార్కిటికా యాత్రికుడు షాకిల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ కథ చాలామందికి తెలుసు. 28 మంది. 1915 జనవరిలో వెడ్డెల్ సముద్రంలో ఈశాన్యపు గాలి మంచునంతా దక్షిణంగా నేలవైపు అదిమింది. ఓడ మంచుతోపాటే పది నెలలు కొట్టుకుపోయి నలిగి, నవంబరు 21న మునిగింది. మనుషులందరూ బతికారు. 2022 మార్చి 5న ఆ శిథిలాన్ని 3,008 మీటర్ల లోతులో కనిపెట్టారు. దక్షిణ ధ్రువానికి వెళ్లిన చెక్క ఓడల్లో అంత గట్టిది లేదని వందేళ్లుగా చెప్పుకుంటూ వచ్చారు. ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ ఆచార్యుడు యుక్కా తుఖురి 2025లో ఆ మాటకి గండికొట్టాడు. ఎండ్యూరెన్స్ అసలు మంచు అంచున విహారానికి కట్టిన ఓడ. నలిపే మంచుకి తగ్గ అడ్డు దూలాలు దాన్లో లేవు, పొడవాటి ఇంజను గది దాన్ని ఇంకా బలహీనం చేసింది, షాకిల్టన్‌కి ఆ సంగతి ముందే తెలుసు. ఇంజను గది పేరు రావడం నాకు కొంచెం గుచ్చుకుంది గానీ, లెక్కలు చూస్తే కాదనలేం. నార్వే ధ్రువ యాత్రికుడు నాన్సెన్ ఇరవయ్యేళ్ల ముందే దీనికి మందు కనిపెట్టాడు. ఫ్రామ్ అనే ఓడని గుండ్రటి పొట్టతో కట్టించాడు. మంచు నొక్కితే ఓడ పైకి లేస్తుంది. 1893లో కావాలనే మంచులో ఇరికించి, 1896లో క్షేమంగా బయటికి తెచ్చారు.

మన దేశానికి వద్దాం. 1981 డిసెంబరులో ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో మొదటి యాత్ర గోవా నుంచి పోలార్ సర్కిల్ అనే నార్వే అద్దె ఓడలో బయల్దేరి, 1982 జనవరి 9న అంటార్కిటికాలో దిగింది. మూడో యాత్రని ఫిన్‌పోలారిస్ ఓడ మీద నడిపించి, మన మొదటి స్థావరం దక్షిణ గంగోత్రిని కట్టించినవాడు హర్ష్ గుప్తా. ఆయనే తర్వాత హైదరాబాదులోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ డైరెక్టరుగా చాలా ఏళ్లున్నారు. 1989లో వచ్చిన మన రెండో స్థావరం మైత్రికి పక్క ఇల్లు రష్యా వాళ్ల నొవొలజరెవ్‌స్కయా, నడిచి వెళ్లే దూరం. 2002 జూన్‌లో ఆ రష్యన్లని తీసుకొస్తున్న మాగ్దలీనా ఓల్డెన్‌డార్ఫ్ అనే జర్మన్ ఓడ మంచులో చిక్కుకుంది. జూన్ అంటే అక్కడ నడిచీకటి. దక్షిణాఫ్రికా ఓడ అగుల్హాస్ దగ్గరకొచ్చి, హెలికాప్టర్లతో చాలామందిని తరలించింది. అర్జెంటీనా ఐస్‌బ్రేకర్ అల్మిరాంతే ఇరిజార్ వచ్చినా ఓడని బయటికి లాగలేక, నలగని చోటుకి చేర్చింది. కొద్దిమంది సిబ్బంది ఆ చలికాలమంతా ఓడలోనే గడిపారు. కాపలా కాసిన ఆ ఇంజనీర్ల పేర్లు ఏ పత్రికలోనూ నేను చూడలేదు.

గాలి మన చేతిలో లేదు. మంచు ఎక్కడుందో, ఎటు కదులుతోందో చూడడం మన చేతిలో ఉంది, అందులో తెలుగు నేలకీ వాటా ఉంది. తూర్పు అంటార్కిటికా లార్స్‌మన్ హిల్స్‌లో మన భారతి స్థావరం 2012లో మొదలైంది. హైదరాబాదు రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) వాళ్లు అక్కడ ఉపగ్రహాల సమాచారం పట్టే స్టేషను ఒకటి పెట్టారు, 2013 ఆగస్టు నుంచి పనిచేస్తోంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహం చాలా చుట్లలో ఆ స్టేషనుకి కనబడుతుంది, హైదరాబాదు దగ్గర షాద్‌నగర్‌లోని మన స్టేషనుకి రోజులో కొన్నిసార్లే కనబడుతుంది. అక్కడ పట్టిన సమాచారం అప్పటికప్పుడే షాద్‌నగర్‌కి చేరుతుంది. శ్రీహరికోట నుంచి 2022 ఫిబ్రవరిలో పైకి వెళ్లిన ఈఓఎస్-04 రాడార్ ఉపగ్రహం మబ్బులో, చీకట్లో కూడా చూస్తుంది. కెప్టెన్‌కి ఇది కావాలి, ధ్రువాల దగ్గర మబ్బు లేని రోజే అరుదు. అయితే నిన్నటి బొమ్మలో ఖాళీగా ఉన్న నీరు ఈ రోజు గాలికి మూసుకుపోవచ్చు. బొమ్మ పక్కన గాలి సూచన పెట్టుకుని చదవని కెప్టెన్‌తో నేను ఓడెక్కను.

ఇప్పటికీ మన యాత్రలు అద్దె ఓడల మీదే. 2025 జూన్‌లో కోల్‌కతా గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ నార్వే సంస్థ కాంగ్స్‌బర్గ్‌తో మన మొదటి ధ్రువ పరిశోధక ఓడకి అవగాహన ఒప్పందం చేసుకుంది. డిజైన్ చేసేవాళ్లు ల్యాబుల గురించి, హెలికాప్టర్ గురించి చాలా ఆలోచిస్తారు, ఆలోచించాలి. నాకైతే మూడు విషయాలు తెలుసుకోవాలని ఉంది. సీ చెస్ట్‌కి వేడినీరు ఎంత లావు పైపులో వస్తుంది, ఊపే ట్యాంకుల పంపు ఎంత జోరుది, కదలకుండా ఎన్ని నెలలు కూర్చున్నా సరిపోయేంత డీజిలు పడుతుందా. మా అన్నయ్య కొడుకు ఇంకోటి కలిపాడు: "ఐసు పెట్టెలు వేరే అక్కర్లేదు కదా బాబాయ్!"