బదనిక కాని బదనిక

చెట్టుకొమ్మపై మరొక మొక్క కనబడినంతనే దానిని బదనిక యనుట మన వాడుక. అమరకోశమును వందా, వృక్షాదని, వృక్షరుహ, జీవంతిక అను పేర్లను ఒక్కచోటనే చేర్చినది. వృక్షరుహ యనగా చెట్టుపై మొలచునది; వృక్షాదని యనగా చెట్టును తినునది. ఈ రెంటికిని గల దూరమెంతయో వందా మొక్క జీవనము తెలుపును.

సంస్కృతములోని ఈ వందా పదమును వృక్షశాస్త్రమునకు అందించినవాడు సర్ విలియం జోన్సు (1746–1794). నేడు ఆర్కిడ్ కుటుంబములోని ఒక ప్రజాతికి ప్రపంచమంతటను అదే పేరు. అందు ఒక జాతికి తెలుగునేలతో గాఢమైన సంబంధము కలదు. 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో ఉండి మన మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బరో, 1795లో ప్రారంభమైన తన కోరమాండల్ తీర వృక్షగ్రంథములో దీనిని సచిత్రముగ వర్ణించెను. ఆ చిత్రములను గీసినవారు భారతీయులే. లేతపసుపు రేకులపై గోధుమరంగు గీతలు గళ్ళుగా అల్లుకొనియుండుటచే దీనికి టెస్సెల్లేటా అను పేరు వచ్చినది. పూవునకు సువాసనయు కలదు.

మామిడిపై ఎఱ్ఱని గొట్టపుపూలు పూయు నిజమైన బదనిక తన వేళ్ళను కొమ్మలోనికి చొప్పించి నీటిని, లవణములను లాగుకొనును. వందా అట్లు చేయదు. దాని వేళ్ళు బెరడును పట్టుకొనునేగాని లోనికి చొరవు. గాలిలో వ్రేలాడు ఆ వేళ్ళచుట్టును తెల్లని స్పంజివంటి పొర యుండును. వాననీటిని, మంచును అది పీల్చుకొనును. తడిసినప్పుడు వేరు పచ్చగా కనబడును. ఆహారమును ఆకులు ఎండలో తామే వండుకొనును. ఒక్క ఋణము మాత్రము కలదు: ధూళివంటి దాని విత్తులలో నిలువ ఆహారము లేదు. ఒక విధమైన శిలీంధ్రము తోడ్పడినగాని అవి మొలకెత్తవు. కొమ్మ ఇచ్చునది నిలువ నీడయే.

జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ వేడుకలలో ఆర్కిడ్ పూలగుత్తులకు మర్యాద యెక్కువ. ఆ కుటుంబమునకే చెందిన మన వందాకు లభించునది తరచుగా కత్తివేటు. చెట్టును తినునని కొందరు దీనిని పెరికివైతురు. రాస్న యను పేరుతో మందునకై వేళ్ళను సేకరింతురు. వృద్ధవృక్షము కూలినచో అతిథియు నేలకూలును.

బడిపిల్లలను ఒక మామిడిచెట్టు క్రిందికి తీసికొనిపోయి, కొమ్మలోనికి చొచ్చిన వేరేదో, కొమ్మను పట్టుకొన్న వేరేదో చూపింపవచ్చును. వృక్షాదనికిని వృక్షరుహకును గల భేదము అప్పుడు వారి కంటికే తెలియును. నింద తొలగిన మొక్కపై కత్తి యెత్తుటకు చేయి సంకోచించును.