సేనలు మరలినను నిలిచిన కావలి

1967 నవంబరులో పౌను విలువను 2.80 డాలర్లనుండి 2.40కు దించుకొనవలసి వచ్చిన బ్రిటిష్ ప్రభుత్వము, ఖజానా వట్టిపోవుచుండగా సముద్రములకావల సేనలను పోషించుట తన తరము కాదని గ్రహించి, సింగపూరు, మలేషియా, పర్షియా సింధుశాఖలలోని తన సైన్యములను 1971 ముగియులోపల మరలించుకొందునని 1968 జనవరి 16న ప్రధాని హెరాల్డ్ విల్సన్ ముఖమున ప్రకటించెను. సూయజ్ కాలువకు తూర్పున శతాబ్దములుగా వేళ్ళూనిన సామ్రాజ్యము ఇట్లు మూటముల్లె సర్దుకొనుచున్న వేళ, హాంగ్‌కాంగులోని కావలిదండు మాత్రము కదలలేదు. పైపెచ్చు, బ్రిటిష్ సైన్యమున కొలువుచేయు నేపాలీ గూర్ఖాలకు మలేషియాలోనున్న శిక్షణకేంద్రము 1971లో హాంగ్‌కాంగునందలి షెక్‌కాంగునకు తరలివచ్చెను.

ఈ దండు చైనాను ఎదిరింపగలదని దానిని నిలిపినవారును నమ్మియుండరు. 1941 డిసెంబరు 8న జపాను దండెత్తగా, ఆంగ్ల, కెనడా సైనికులతోపాటు మన రాజపుత్ర, పంజాబు పటాలములు ప్రాణములొడ్డి పోరినను, పదునెనిమిదవ దినమున, క్రిస్మసు పండుగనాడే, ఆ ద్వీపము శత్రువశమయ్యెను. 1965 మొదలు త్రాగునీటిలో గణనీయమైన భాగము సరిహద్దునకు ఆవలనున్న డాంగ్‌జియాంగ్ నదినుండియే వచ్చుచుండగా, ఆ నీటిని కట్టివేసినచో తుపాకి ప్రేల్చకయే నగరమును లొంగదీయవచ్చును. మరి సేన యేల? ఈ నేలకొక ప్రభువు కలడనియు, దీనిని కైకొనగోరువాడు చాటుమాటుగా గాక బహిరంగ యుద్ధమునకే సిద్ధపడవలెననియు తెలుపుటకును, పోలీసుల శక్తి చాలనప్పుడు వారికి అండగా నుండుటకును.

ఆ రెండవ అవసరము 1967 వేసవిలోనే కన్నులకు కట్టినది. చైనాలో చెలరేగిన సాంస్కృతిక విప్లవజ్వాలలు హాంగ్‌కాంగు వీథులకు ప్రాకియున్న ఆ రోజులలో, ఒక వీథికి ఒక వరుస ఇండ్లు చైనావియు, ఎదుటి వరుస ఇండ్లు బ్రిటిష్ వారివియునైన షాటావ్‌కోక్ గ్రామమున జులై 8న జరిగిన కాల్పులలో ఐదుగురు పోలీసులు హతులుకాగా, చిక్కుపడిన తక్కినవారిని విడిపించుటకు గూర్ఖాలు వచ్చిరి. సరిహద్దు కాపలా నాటినుండి సైన్యము చేతికి వచ్చెను. తరువాతి దశాబ్దమున ఆ సైనికులకు ఎదురైనవారు శత్రుభటులు కారు; పొట్ట చేతబట్టుకొని కంచెలు దాటియు, రాత్రివేళ సముద్రపు పాయలనీదియు వచ్చు పేదలు. నగరము చేరగలిగినవారిని ఉండనిచ్చి, దారిలో చిక్కినవారిని త్రిప్పిపంపు విధానము 1980 అక్టోబరు వరకు సాగెను. అట్టివారిని పట్టి వెనుకకు పంపుట సైనికవృత్తిలో ఎంత బాధాకరమైన కార్యమో ఊహింపవచ్చును.

ఈ దండు వ్యయమును ఎవరు భరించిరి? 1976లో అమలునకు వచ్చిన ఒప్పందముచే హాంగ్‌కాంగు ఖజానా మొదట సగమును, పిదప నూటికి 62.5 వంతులను, 1978 మొదలు 75 వంతులను చెల్లించెను. 1985 వరకు ఆ వలసరాజ్యపు శాసనసభలో ఎన్నికైన సభ్యుడొక్కడును లేడు. అడుగు హక్కులేని ప్రజచేత పరసేనకు కూలి కట్టించుట న్యాయమని నేననజాలను.

కొలువులో ఉన్నవారి స్థితియు అంతకంటె మేలు కాదు. 1947నాటి బ్రిటన్-భారత-నేపాల్ త్రైపాక్షిక ఒప్పందముచే గూర్ఖాల మూలవేతనమును పింఛనును భారతసైన్యపు శ్రేణిననుసరించి నిర్ణయింపబడుటచే, ప్రత్యేక భత్యములు లభించినను, ఒకే కంచెవెంట కావలికాచిన ఆంగ్లసైనికుని పింఛనుతో వారి పింఛను సరితూగలేదు. పరులకొరకు దూరసీమల కావలికాయు దౌర్భాగ్యము మన దక్షిణాపథమునకును ఎరుకయే: 1841లో నల్లమందు యుద్ధమున చైనాలో పోరినవారిలో 37వ మద్రాసు పటాలమును కలదు, ఆ మద్రాసు సైన్యమున తెలుగువారు పెక్కుమంది పనిచేయుటచేతనే కాబోలు, ఉత్తరదేశమున సిపాయిని తిలంగా యని పిలిచిరి.

1997 జూన్ 30 అర్ధరాత్రి హాంగ్‌కాంగు చైనాకు అప్పగింపబడెను. మరునాడు జులై 1 మొదలు గూర్ఖాదళమునకు బ్రిటనే స్థావరమాయెను. 2004లో బ్రిటిష్ ప్రభుత్వము గూర్ఖాలకు తమ దేశమున స్థిరపడు హక్కు నొసగినప్పుడు ఆ తేదీనే గీటుగా గైకొని, అంతకుముందు విరమించినవారిని, అనగా హాంగ్‌కాంగు సరిహద్దున యౌవనము వెచ్చించినవారిని, వెలుపల నుంచినది. న్యాయస్థానములో వ్యాజ్యమును, పార్లమెంటులో ప్రభుత్వమునకు పరాజయమును కలిగిన పిమ్మటగాని, 2009 మే 21న, నాలుగేండ్లు సేవచేసిన ప్రతి గూర్ఖాకును ఆ హక్కు దక్కలేదు.