కోపం పాటెలా అవుతుంది?

2009 చివర్లో హైదరాబాద్‌లో తార్నాక దాటి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వెళ్తే నినాదాలతో పాటు డప్పు మోత వినిపించేది. ఆర్ట్స్ కాలేజీ ముందు ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం గుమిగూడిన విద్యార్థుల్లో కోపం ఉంది, పోగొట్టుకున్న తోటివాళ్ల కోసం దుఃఖం ఉంది. అయినా అంత చక్కని పాటలెలా వచ్చాయి?

కోపమొస్తే గుండె వేగంగా కొట్టుకుంటుంది, గొంతు హెచ్చుతుంది. ఏడుపొస్తే ఊపిరి తెగి తెగి వస్తుంది, మాట సాగుతుంది. పాటగాడు వీటినే వాడుకుంటాడు: కోపాన్ని దరువులో పెడతాడు, దుఃఖాన్ని సాగే రాగంలో. ఇక పల్లవిని అందరూ అందుకుంటారు. వందమంది కలిసి ఊపిరి తీసుకుని ఒకే మాట పాడుతుంటే ఎవరి బాధా వాళ్లొక్కరిదే అనిపించదు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

డప్పును వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. వేడికి తోలు బిగిసి ఖంగుమంటుంది. మరీ కాగితే చిట్లిపోతుంది. మనసూ అంతే. బాధలో పూర్తిగా మునిగినవాడికి పాట రాదు. కాస్త తేరుకుని, పదం పదం సరిచూసుకుంటేనే వస్తుంది.

బాధ పాట కావడం కొత్తేమీ కాదు. 17వ శతాబ్దంలో గోల్కొండ చెరలో రామభక్తుడు కంచెర్ల గోపన్న రాముణ్ణే నిలదీస్తూ కీర్తనలు కట్టాడని చెబుతారు. ఆ నిష్ఠూరాలు ఈనాటికీ కచేరీల్లో వినిపిస్తాయి.

పాట కోసం బాధను కోరి తెచ్చుకోకండి. వస్తే మాత్రం దాచుకోకుండా దగ్గరివాళ్లకు చెప్పండి, ఆపైన పాడండి.