ఒకే చూరు కింద ముక్కూమొహం తెలియనివాళ్ళు

మనవైపు హోటలంటే తినేచోటు. ఇడ్లీ, పెసరట్టు, కాఫీ... అంతే! రాత్రికి తలదాచుకునేది లాడ్జి. సినిమా గురించి రాస్తూ ఈ హోటలు గొడవేమిటంటారా? కాస్త ఓపిక పట్టండి, వస్తున్నాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. ముసురు తగ్గింది కదా అని శ్రావణమాసం బట్టలకోసం మావారూ నేనూ కైకలూరు నుంచి ఏలూరు వెళ్ళాం. సాయంత్రం బస్టాండుకొచ్చేసరికి, పైనుంచి వరదొచ్చి కొల్లేరు పొంగింది, రోడ్డు మునిగింది, బస్సులు లేవు అన్నారు. పక్కనే వున్న లాడ్జికి వెళితే గదులన్నీ నిండిపోయాయి. పాపం, ఆ గుమాస్తా హాల్లోనే చాపలు పరిపించాడు. మాతోపాటు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల వ్యాపారి ఒకాయన, చేపల చెరువుల దగ్గర పనిచేసే కుర్రాళ్ళిద్దరు, మందుల సంచీతో ఓ మెడికల్ రిప్రజెంటేటివ్. వీళ్ళుగాక పాతికేళ్ళ అమ్మాయి, ఆమె వెంట పన్నెండేళ్ళ పిల్ల.

రిజిస్టరులో పేరు రాయమంటే ఆ అమ్మాయి కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించింది. పేరు రాయడానికి ఆలోచనెందుకు చెప్పండి? పిల్ల ఆమెని అమ్మా అనడంలేదు, అక్కా అనడంలేదు. అసలు మాట్లాడ్డమే లేదు! ఈమె మాత్రం నిద్రలో కూడా ఆ పిల్ల మణికట్టు వదల్లేదు. పిల్లని ఎత్తుకుపోతోందని నాకు గట్టి అనుమానం. పోలీసులకు చెబుదామని మావారిని రెండుసార్లు లేపాను కూడా. "నీకెందుకే, పడుకో" అన్నారాయన. నా నల్లపూసలు పిడికిట్లో పట్టుకుని పడుకున్నాను.

ఇదంతా మరిచిపోయిన నాకు, ఈమధ్య సెలవులకొచ్చిన మా అమ్మాయి ఓ ఇంగ్లీషు సినిమా పెట్టి మళ్ళీ గుర్తుచేసింది. పేరు 'బ్యాడ్ టైమ్స్ ఎట్ ది ఎల్ రాయల్'. 2018 అక్టోబరులో వచ్చింది. దర్శకుడు డ్రూ గొడార్డ్. కథ 1969లో జరుగుతుంది. అమెరికాలో టాహో అనే పెద్ద సరస్సు పక్కన, కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దు మీద ఒక హోటలు. సరిహద్దు గీత సరిగ్గా భవనం మధ్యనుంచే పోతుంది! అటు గదికి ఇటుకంటే ఒక డాలరు ఎక్కువ. ఇదేం చోద్యమనుకోకండి. అక్కడ నిజంగానే కాల్‌నీవా అని ఇలాంటి హోటలొకటి వుంది. 1960ల మొదట్లో గాయకుడు ఫ్రాంక్ సినాట్రా దానికి యజమాని. ఒక పేరుమోసిన ముఠా నాయకుడు అక్కడ మకాం వేశాడన్న గొడవలో 1963లో ఆయన జూదం లైసెన్సు పోగొట్టుకున్నాడు. అయినా మన కొల్లేరు సంగతి మాత్రం? ఏలూరు వైపు పశ్చిమగోదావరి, కైకలూరు వైపు కృష్ణా అని మధ్యలో జిల్లా గీత వుండేది కాదూ! 2022 ఏప్రిల్లో ఏలూరు జిల్లా ఏర్పడి కైకలూరు కూడా అందులో కలిశాకనే అది చెరిగింది.

సరే, కథ. ఆ హోటలుకి ఒకే రోజు నలుగురు వస్తారు. ముసలి ఫాదరీ ఒకాయన (జెఫ్ బ్రిడ్జెస్), పాటలు పాడుకు బతికే నల్లజాతి యువతి డార్లీన్ (సింథియా ఎరివో), వాక్యూమ్ క్లీనర్లు అమ్మే వాగుడుకాయ (జాన్ హామ్), ఎవరితోనూ సరిగా మాట్లాడని ఎమిలీ (డకోటా జాన్సన్). హోటల్లో వున్నది ఒక్కడే గుమాస్తా, బెదురు చూపుల కుర్రాడు. ఫాదరీ ఫాదరీ కాదు, సేల్స్‌మన్ సేల్స్‌మన్ కాదు. పదేళ్ళ కిందట ఒక గదిలో నేలబల్లల కింద ఎవరో దాచిన డబ్బు సంచీ వుంది. ఇంతవరకూ మనకి అలవాటైన సస్పెన్సే.

నన్ను ఉలిక్కిపడేట్టు చేసింది ఎమిలీ. ఆమె కారు డిక్కీలోంచి కాళ్ళూ చేతులూ కట్టేసిన ఓ పిల్లని గదిలోకి మోసుకొస్తుంది. అది చూసినవాళ్ళు ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. తీరా చూస్తే ఆ పిల్ల ఆమె సొంత చెల్లెలు రోజ్. మాటలతో మత్తెక్కించి పిల్లల్ని చుట్టూ చేర్చుకున్న బిల్లీ లీ అనే దొంగగురువు గుప్పిట్లోంచి లాక్కొచ్చింది. చెల్లెలికేమో రావడం ఇష్టంలేదు. అందుకే ఆ తాళ్ళు.

ఇక ఏలూరు సంగతి. తెల్లవారి నేను లేచేసరికి రెండు చాపలు ఖాళీ. టీ తెచ్చిన కుర్రాడు చెప్పాడు. వాళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళట, కొల్లేటి లంక గ్రామం వాళ్ళట. పన్నెండేళ్ళ చెల్లెలికి ఇంట్లో పెళ్ళి ఖాయం చేస్తే, అక్క అత్తవారింటి నుంచి వచ్చి రాత్రికిరాత్రి దాన్ని తీసుకుని బయల్దేరింది. గూడెంలో మేనత్త వుందట. నాలుగింటికి ఆ ఉల్లిపాయలాయన టీ ఇప్పించి, "ఎక్కడికమ్మా?" అని అడిగాడట. అంతే, ఆ అమ్మాయి మొత్తం చెప్పేసిందట. ఆయనే వాళ్ళని స్టేషనుకి తీసుకెళ్ళి తనతోపాటు రైలెక్కించుకున్నాడు. ఆ రాత్రి మావారు నా మాట విని పోలీసులకు చెప్పివుంటే? ఆ పిల్లని మర్యాదగా తెచ్చి తండ్రికే అప్పగించేవారేమో! అంతసేపు అనుమానించిన నాకు ఆ ఒక్క ప్రశ్న అడగాలని తోచలేదు చూడండి.

సినిమాకొద్దాం. రెండు గంటల ఇరవై నిమిషాల సినిమా, నడిమధ్య కాస్త సాగుతుంది. థియేటర్లలో పెద్దగా ఆడలేదు కూడా. కానీ ఒక్క సన్నివేశం కోసం చూడొచ్చు. హోటలు గదుల్లో అద్దాలు మామూలు అద్దాలు కావు. వెనక చీకటి నడవాలో నిలబడితే గదిలో జరిగేదంతా కనిపిస్తుంది. అక్కడినుంచి ఎవరో చూస్తున్నారని డార్లీన్‌కి తెలుసు. గదిలో ఫాదరీ వేషంవాడు డబ్బుకోసం నేల పగలగొట్టాలి. ఆ చప్పుడు బయటికి పోకుండా ఆమె చప్పట్లు కొడుతూ గొంతెత్తి పాడుతుంది. ఆమె చప్పట్లోనే అతని దెబ్బ పడాలి. ఊపిరి బిగబట్టి చూశాననుకోండి! చివర్లో బిల్లీ లీ (క్రిస్ హెమ్స్‌వర్త్) పెద్ద ఉపన్యాసం మొదలుపెడితే, నీలాంటి మగవాళ్ళ మాటలు విని విని విసుగొచ్చిందని మొహమ్మీదే చెప్పేస్తుంది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

అద్దం అంటే గుర్తొచ్చింది. ప్రయాణాల్లో కొత్తచోట బసచేస్తే, దీపాలార్పి టార్చి అద్దానికి ఆనించి వేసి చూడండి. వెనక ఖాళీ వుంటే తెలిసిపోతుంది. గోడమీది గడియారం, ప్లగ్గు, పొగ పసిగట్టే డబ్బా కూడా ఓసారి పరకాయించండి. ఏకాంతంలో వున్న ఆడదాన్ని చాటుగా చూసినా, ఫోటో తీసినా నేరం. 2013లో శిక్షాస్మృతిలో చేర్చారు. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షను. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు, జరిమానా. 112కి ఫోన్ చెయ్యడానికి మొహమాటపడకండి.

ఇప్పుడు మన హోటలు. సరిగ్గా అదే 2018లో, ఫిబ్రవరిలో, మన తెలుగులో 'అ!' వచ్చింది. దర్శకుడు ప్రశాంత్ వర్మ మన పాలకొల్లువాడే. తరువాత 2024లో 'హనుమాన్' తీసింది కూడా ఇతనే. నాని, ప్రశాంతి నిర్మించారు. పాత కాలం కథ కాదు, లాడ్జి కూడా కాదు. మనం హోటలనే తినేచోటే! అక్కడా ఒకరికొకరు తెలియనివాళ్ళే. ప్రేమించిన మనిషిని అమ్మానాన్నలకు చూపించాలని కూర్చున్న ఈషా రెబ్బా, మత్తుమందుకి అలవాటుపడ్డ పనిమనిషి రెజీనా, నన్ను మించినవాడు లేడనుకునే ఇంద్రజాలికుడు మురళీశర్మ, కాలంలో ప్రయాణించే యంత్రం చెయ్యాలనుకునే వాచ్‌మన్ అవసరాల శ్రీనివాస్. మనకి అందరికంటే నచ్చేది ప్రియదర్శి. వంట రాకుండానే వంటవాడుగా చేరిపోతాడు! గాజుతొట్టిలో చేప అతనికి సలహాలిస్తుంది, నాని గొంతుతో. కుండీలో బోన్సాయ్ చెట్టు మాట్లాడేది రవితేజ గొంతుతో. ఆ ఏటి జాతీయ అవార్డుల్లో మేకప్‌కీ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కీ బహుమతులొచ్చాయి.

వీళ్ళందరికీ కాజల్ వేసిన కలి అనే అమ్మాయికీ ఏమిటి సంబంధం? ఆ ముడి నేను విప్పను. చిన్నప్పుడు ఒక ఆడపిల్లకి జరిగిన, ఎవరికీ చెప్పుకోలేని అన్యాయం దాని అడుగున వుందని మాత్రం చెబుతాను. అందుకే చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడకండి. ఆ ఇంగ్లీషు సినిమాకీ ఇదే మాట, అందులో రక్తపాతం మరీ ఎక్కువ.

చివరిదాకా చూసి దీపం ఆర్పాక నాకు నిద్రపట్టలేదు. మా అమ్మాయి పడుకున్నాక లేచి, శబ్దం తగ్గించి, 'అ!' మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకున్నాను. ఈసారి ఆ వంటవాణ్ణి చూస్తే నవ్వు రాలేదు.